నైరుతి కిటికీ

"మీ రోజుల్లో ఫ్యాక్టరీలో సేఫ్టీ ఎలా ఉండేదండీ?" అని ఈ మధ్య ఐటీఐలో చదువుకుంటున్న పిల్లలు నన్నడిగారు. అద్దాల బీరువాలో ఉండేదని చెప్పాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో నేను కంప్రెసర్ ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. అది అమ్మోనియా గ్యాసుతో నడిచే ఫ్యాక్టరీ. పైపుల్లో ఉన్నంతసేపూ ఆ గ్యాసు బుద్ధిగా నీళ్లను గడ్డకట్టిస్తుంది. బయటికి వచ్చిందంటే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు, ఏది దొరికితే దాన్ని కాలుస్తుంది. అందుకని మా ఫ్యాక్టరీకి ఒక మాస్కు కొన్నారు. పనిచేసే అందరికీ కలిపి ఒక్కటే. అది ఓనరు గారి ఆఫీసు గదిలో, అద్దాల బీరువాలో, ఆయన తండ్రిగారి ఫొటో పక్కన ఉండేది. దసరాకి ఆయుధపూజ నాడు దాన్ని బయటికి తీసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, హారతిచ్చి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవారు. ఒక ఏడాది నేను దాన్ని ముఖానికి పెట్టుకుని చూస్తానంటే ఓనరు గారు కాదు, మా వాళ్లే అడ్డుపడ్డారు.

"పూజలో పెట్టిందండీ అది. నోటి దగ్గర పెట్టి ఎంగిలి చేసేస్తారేంటండీ?" అన్నారు.

ఇంక సేఫ్టీ గురించి మీకు వేరే ఏం చెప్పమంటారు? కానీ అడిగారు గనక ఒక తలుపు కథ చెబుతాను.

ముందు మా ఫ్యాక్టరీ రూపు తెలియాలి. తూర్పున మెషీన్ రూము, అక్కడ నేనూ నా కంప్రెసరూ. దాన్ని ఆనుకుని పడమర పెద్ద హాలు. హాల్లో ఉప్పునీళ్ల ట్యాంకు, అందులో నీళ్లు నింపిన ఇనప డబ్బాలు. డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టాక పైకి లాగి ఐసు దిమ్మలు తీసే పనివాళ్లు ఆ హాల్లోనే ఉంటారు. మెషీన్ రూముకీ హాలుకీ మధ్య చెక్క తలుపు ఒకటి, పక్కకు తోసేది. మనుషులు వచ్చినా ఐసు వెళ్లినా నా కంప్రెసర్ ముందు నుంచే. అంటే గ్యాసు లీకయ్యే అవకాశం ఎక్కడుందో, అందరి దారీ అక్కడే. అందుకే ఫ్యాక్టరీ కట్టించిన ఇంజనీరు హాలు చివర, నైరుతి మూల, బయటికి ఇంకో తలుపు పెట్టాడు. గ్యాసు తూర్పు నుంచి వస్తే మనిషి పడమరకు పరిగెత్తుతాడని ఆయనకు తెలుసు.

తొంభైల్లో మా వైపు వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. కొన్నేళ్లు రొయ్య బంగారమైంది, దాన్ని ఐసులో పెట్టి పంపాలి గనక మా ఓనరు గారూ బాగుపడ్డారు. తర్వాత రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చింది. చెరువులు ఖాళీ అయ్యాయి, ఐసు అడిగే నాథుడు లేడు. రోగం చెరువులో ఉందని చంటిపిల్లాడికి కూడా తెలుసు. మా ఓనరు గారు మాత్రం దాన్ని గోడల్లో వెతికారు. ముక్తేశ్వరం వైపు నుంచి ఒక వాస్తు సిద్ధాంతిగారిని కారు పంపించి రప్పించారు.

సిద్ధాంతిగారు దిక్సూచి చేత్తో పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగారు. మొదట ఆయనకే ఒక చిక్కు వచ్చిపడింది. ఐసు నీరైతే ఈశాన్యంలో ఉండాలి, గట్టిగా రాయిలా ఉంది గనక బరువు కింద లెక్కైతే నైరుతిలో ఉండాలి. కాసేపు ఆలోచించి ఐసు సంగతి వదిలేశారు. నైరుతి తలుపు దగ్గరకు రాగానే ముక్కున వేలేసుకున్నారు.

"ఇదేంటండీ బాబూ! నైరుతిలో ద్వారం పెట్టుకుని వ్యాపారం ఎలా చేస్తన్నారండీ? వచ్చిన లక్ష్మి వచ్చినట్టే ఇందులోంచి వెళ్లిపోతాది."

"మూయించేస్తే సరిపోద్దాండీ?" అని ఓనరు గారు అడిగారు.

"ఆయ్. ఇటిక పెట్టి మూయించాలండి. తాళం వేస్తే చాలదు."

నేను అక్కడే ఉన్నాను. లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ గ్యాసు వస్తే మనుషులు వెళ్లే దారి అదొక్కటేనండీ అని చెప్పాను. ఓనరు గారు చాలా మర్యాదస్తులు. ఎన్నడూ ఎవరినీ గట్టిగా మాట అని ఎరగరు. గోదావరి జిల్లా మర్యాదలో ఉన్న సౌకర్యం అదే, కాదనకుండానే కాదనవచ్చు.

"మీరు కంప్రెసరు చూసుకోండి ఆపరేటరు గారూ. దిక్కులు వారు చూసుకుంటారు," అన్నారు.

రెండో రోజుకల్లా తాపీమేస్త్రి వచ్చాడు, తలుపు ఊడదీశారు, గోడ లేచింది. నాలుగు రోజులు పోయాక హాల్లో పనిచేసేవాళ్లను పిలిచి అడిగాను, ఇది మీ ప్రాణాలకు సంబంధించింది కదా, మీరు ఒక్క మాట అనరేమిటని. వాళ్లలో పెద్దవాడు, డబ్బాలు లాగడంలో తలపండినవాడు, నాకు ఎదురు చెప్పాడు.

"గోడ పెట్టిన కాణ్నుంచీ ఐసు గట్టిగా కడతందండీ. మీరు చూళ్లేదేటండీ?"

చూశాను. అవి ధనుర్మాసపు చలిరోజులు. గిరాకీ లేక సగం డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. ఆ చలికి మా ఇంట్లో కొబ్బరినూనె కూడా గట్టిగా కట్టింది, మేమేం గోడ కట్టించలేదు. ఆ మాటే అన్నాను. "మీకు నమ్మకం తక్కువండీ" అని జాలిపడ్డాడు.

తర్వాత ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారి వచ్చారు. ఇంక ఈయన గోడ పగలగొట్టిస్తారని నేను మెషీన్ రూము తుడిచి మరీ ఎదురుచూశాను. ఆయన హాలంతా తిరిగి నైరుతి మూల ఆగారు. కొత్త ఇటుకల మీద వేలు పెట్టి, "ఇక్కడ తలుపుండాలి కదా?" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఓనరు గారు వినయంగా, "వాస్తు దోషం అన్నారండీ. మూయించేం," అని చెప్పారు. అధికారి గారు గోడ మీంచి వేలు తీశారు.

"ఏ సిద్ధాంతిగారండీ? మా ఇంట్లో కూడా నైరుతి వైపు ఏదో తేడాగా ఉందంటన్నారు మావాళ్లు."

కొబ్బరిబొండం తాగుతూ సిద్ధాంతిగారి చిరునామా రాసుకుని, పూతరేకుల పెట్టె కారులో పెట్టించుకుని వెళ్లిపోయారు. ప్రభుత్వం మా ప్రాణాల మీద పెట్టిన కన్ను అది. ఆ కన్నుకి ఎనిమిది దిక్కులూ బాగానే కనబడతాయి, మధ్యలో ఉన్న మనుషులే కనబడరు.

ఏడాది తిరిగేసరికి మళ్లీ చెరువుల్లో రొయ్య కనబడింది. రైతులు విత్తనం మార్చారు, నీళ్లు మార్చారు, అప్పులు చేసి కొత్త చెరువులు తవ్వారు. పేరు మాత్రం మా గోడకి వచ్చింది. ఐసుకి గిరాకీ పెరగడంతో ఓనరు గారు ట్యాంకు పెద్దది చేద్దామని మళ్లీ సిద్ధాంతిగారిని పిలిపించారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వాళ్లిద్దరూ హాల్లో దిక్సూచి చూసుకుంటున్నారు. డబ్బాల దగ్గర పనివాళ్లు ఇద్దరు ఉన్నారు, ఒకడు ఐసు గట్టిగా కడుతోందన్న పెద్దవాడు, ఇంకొకతను నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

నేను మెషీన్ రూములో ఆయిలు దింపుతున్నాను. కంప్రెసర్ ఆయిలు కొంత గ్యాసుతో పాటు వెళ్లి అడుగున చేరుతుంది, దాన్ని అప్పుడప్పుడు ఒక వాల్వు విప్పి దింపాలి. ఆ వాల్వు అరిగిపోయిందని, కొత్తది కావాలని నేను అడుగుతూనే ఉన్నాను. "చూద్దామండీ" అంటూనే ఉన్నారు. ఆ చూద్దామన్నది ఆ రోజు అందరం చూశాం. ఆయిలు దిగాక వాల్వు కట్టబోతే దాని కాడ నా చేతిలోకి ఊడి వచ్చింది. తెల్లటి పొగ బుస్సుమని లేచింది.

నీళ్ల బకెట్లో నానేసి ఉంచిన తువాలు ముఖానికి చుట్టుకుని మెయిన్ స్విచ్ ఆపాను. చేతికి అందిన వాల్వులు కట్టాను. ఆ గొట్టంలో మిగిలిన గ్యాసు వస్తూనే ఉంది. "పారిపోండి" అని హాలు వైపు అరిచాను. అరిచాక గాని తెలియలేదు, ఆ మాటకు అర్థం లేదని. వాళ్లు పారిపోవాలంటే నా మీదుగానే పారిపోవాలి.

ఆ మాట్లాడని మనిషి హాల్లోంచి నా వైపే పరిగెత్తుకొచ్చాడు. నన్ను దాటి బయటపడతాడనుకున్నాను. రాలేదు. మధ్యనున్న చెక్క తలుపు పట్టుకుని మొత్తం బలంతో మూసేశాడు, గ్యాసు హాల్లోకి పోకుండా. తలుపు మూసుకునేలోపు పొగ జల్లు అతని ముఖానికి తగలడం నేను చూశాను.

బయటపడి మాస్కు కోసం ఆఫీసుకు పరిగెత్తాను. తాళం. తాళంచెవి ఓనరు గారి జేబులో ఉంది. ఓనరు గారు హాల్లో ఉన్నారు. అద్దం పగలగొడదామన్నా అద్దం ఆ తాళం వేసిన గది లోపల ఉంది. కుంకుమబొట్టుతో ఆ మాస్కు లోపల క్షేమంగా ఉంది.

అప్పుడే ఫ్యాక్టరీ వెనకాల నుంచి కేకలు వినబడ్డాయి. మా నైరుతి గోడ పక్కనే రొయ్యలు ఒలిచే షెడ్డు ఉండేది. అక్కడి ఆడవాళ్ల మీద అజమాయిషీ చేసే ఒక పెద్దావిడ ఉండేది, గొంతు విప్పితే సముద్రం హోరు వినబడేది కాదు.

"ఏవండోయ్ ఆపరేటరు గారూ! లోపల్నుంచి గోడ బాదేస్తన్నారండీ! మనుషులున్నారేటండీ?"

"ఉన్నారమ్మా! గునపం కావాలి!"

ఆవిడ రెండో మాట అడగలేదు. పక్క కొబ్బరితోటలో కాయలు ఒలవడానికి నేలలో పాతిన గునపం ఉంటే, ఇద్దరు ఆడవాళ్లతో కలిసి దాన్ని ఊపి పెకలించి పట్టుకొచ్చింది. నేనొక పోటు, ఆవిడొక పోటు. గోడ అంత తేలిగ్గా పడుతుందని నేను అనుకోలేదు. తర్వాత చూస్తే తెలిసింది, ఓనరు గారు సిమెంటు దండగని మట్టితో, ఒంటి ఇటుక వరసతో కట్టించారు. ఆ రోజు నలుగురిని బతికించింది నా తెలివీ కాదు, సర్కారు చట్టమూ కాదు. ఓనరు గారి పిసినారితనం. ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

కంత పడగానే మొదట బయటికి వచ్చింది సిద్ధాంతిగారు. పాకుతూ వచ్చారు. దిక్సూచి లోపలే వదిలేశారు, దారి చూపించడానికి ఆ క్షణంలో దాని అవసరం రాలేదు. రొయ్యల షెడ్డు పెద్దావిడ ఆయన్ను రెక్క పట్టుకుని లేపింది.

"సిద్ధాంతిగారూ, నైరుతిలోంచి వచ్చేరు. ఏం ఫర్వాలేదాండీ?"

ఆయన దగ్గుతూ పక్కకు జరిగారు. ఆయన వెనకాల ఓనరు గారు, తర్వాత ఐసు గట్టిగా కడుతోందన్న పెద్దవాడు. చివర, తలుపు మూసిన ఆ మనిషి, ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేయి కంటి మీద పెట్టుకుని.

షెడ్డులో రొయ్యలు కడిగే నీళ్ల గొట్టం కింద అతని తల పెట్టి చాలాసేపు కళ్లు కడిగాం. అమలాపురం ఆసుపత్రికి, అక్కణ్నుంచి కాకినాడకి తీసుకెళ్లాం. ఒక కన్ను దక్కింది.

ఒక కన్ను దక్కిందని చెప్పుకోవడం మనకు అలవాటు. ఒక కన్ను పోయింది. అది అరిగిపోయిన వాల్వు తిన్న కన్ను, మూసేసిన తలుపు తిన్న కన్ను. ఈ రోజుకీ నాకు ఆ కోపం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

ఆ తర్వాత చూడాలి మా ఫ్యాక్టరీని. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఓనరు గారు తలుపు మూయమని చెప్పనే లేదట, సిద్ధాంతిగారు చెబితే సరే అన్నారట. సిద్ధాంతిగారు మూయమన్నారు గానీ పనివాళ్లను లోపల పెట్టి మూయమనలేదట. తనిఖీ అధికారి గారు వచ్చి, మూసిన తలుపును తాము ఎన్నడూ చూడనే లేదన్నట్టు ఆశ్చర్యపోయారు. మా పెద్దవాడు మాత్రం, "ఆ రోజు మంగళారం కదండీ" అన్నాడు. అతను ఆ కంతలోంచే బయటికి వచ్చాడు. మోకాళ్ల మీద చెక్కుకున్న చర్మం ఇంకా మానలేదు.

ఇంతలో సిద్ధాంతిగారు కోలుకుని కొత్త సంగతి కనిపెట్టారు. గోడ పల్చగా కట్టడం వల్ల దోషం పూర్తిగా పోలేదట, అందుకే ప్రమాదం జరిగిందట. ఈసారి సిమెంటుతో రెండిటుకల మందాన కట్టాలి. ఓనరు గారు, జీవితంలో మొదటిసారి, సిమెంటు బస్తాలు తెప్పించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూశాను. చేతులు కాలాక మళ్లీ నిప్పు పట్టుకునేవాళ్లను అక్కడే చూశాను.

తాపీమేస్త్రి వచ్చే రోజున నేను కంప్రెసర్ వేయలేదు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి జరుగుతోంది, ఐసు కోసం వ్యాన్లు గేటు దగ్గర బారు తీరాయి. ఓనరు గారు మెషీన్ రూముకి వచ్చారు.

"ఏవండీ ఆపరేటరు గారూ, ఇంకా స్టార్ట్ చెయ్యలేదే?"

"తలుపు పెట్టాక వేస్తానండి."

"రొయ్యలు పాడైపోతాయండీ!"

"మనుషులు పాడైనప్పుడు వ్యాన్లు ఆగలేదు కదండీ."

ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఇంటి దగ్గర చెప్పే వచ్చాను. కానీ ఆ రోజు తేల్చింది నేను కాదు. హాల్లో ఏదో అలికిడైతే వెళ్లి చూశాం. కంటికి కట్టు కట్టుకున్న మనిషి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మర్నాడే వచ్చాడు. ఇంటి దగ్గర నుంచి భోజనం పీట ఒకటి తెచ్చుకుని, సరిగ్గా ఆ కంతలో, గుమ్మం ఉండాల్సిన చోట వేసుకుని కూర్చున్నాడు. తాపీమేస్త్రి తాపీ పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"లెగవయ్యా," అన్నారు ఓనరు గారు మెత్తగా. "గోడ కట్టాలి కదా."

"కట్టుకోండి బాబుగారూ. నా చుట్టూరా కట్టుకోండి. నేను ఇక్కడే కూకుంటాను."

"దోషం అన్నారు కదయ్యా, నీకు తెలీదా?"

"తెలుసండీ. ఆ దోషం నాకొచ్చేసిందండి. ఇంక మీకేం రాదు."

నేను ఆ మనిషి నోట విన్న అతి పెద్ద మాట అదే. అతను దాన్ని గట్టిగా కూడా అనలేదు. గోడకి అవతల రొయ్యల షెడ్డు పెద్దావిడ నిలబడి వింటోంది. ఆవిడ వచ్చి అతని పక్కన నేల మీద చతికిలబడింది. ఆవిడ ఫ్యాక్టరీ కాదు, ఆవిడ తలుపు కాదు, ఆవిడకేం పట్టింది? అప్పుడు మా పెద్దవాడికి సిగ్గేసినట్టుంది. మంగళవారాన్ని పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఆ వెనక మిగతావాళ్లు. గేటు దగ్గర వ్యాన్ల వాళ్లు హారన్లు కొడుతున్నారు.

అపాయం ఉందని తెలిస్తే నోరు విప్పే హక్కు పనివాడికి ఉందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నోరు విప్పాల్సిన బాధ్యత కూడా ఉంటుంది, అదీ రాసి ఉంటుంది. ఆ కాగితం మా గేటు దగ్గర కూడా అంటించి ఉండేది, దాని మీద సగం వరకు రొయ్యల మేత ప్రకటన అతికించి ఉండేది. ఆ కాగితం చదివినవాడు మాలో ఎవడూ లేడు. ఒక భోజనం పీట ఆ పని చేసింది.

సాయంత్రం కాకముందే ఓనరు గారు సిద్ధాంతిగారికి కబురు పెట్టారు. వ్యాన్ల హారన్లు శాస్త్రాన్ని కూడా కదిలిస్తాయి. ఆలోచించి ఆయన సెలవిచ్చింది ఏమిటంటే, అక్కడ అడుగు ఎత్తున గట్టు కట్టి, ఆ పైన తలుపు పెడితే, అది ద్వారం కిందికి రాదు. గవాక్షం కిందికి వస్తుంది. నైరుతిలో గవాక్షానికి దోషం లేదు. అలా మా తలుపు కిటికీ అయింది. మనుషులు కాలెత్తి దాటి వెళ్లే కిటికీ. ఆ గట్టుకి తగిలి ఎందరి కాలివేళ్లు చితికాయో లెక్కలేదు. పోనీలెండి, వేళ్లు మానుతాయి. అంతవరకు మాటు వేసి ఉంచిన వాల్వు తీసి కొత్తది కూడా పెట్టారు. దానికి వాస్తు అడ్డం రాలేదు.

ఇక్కడితో ఆపితే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ నేను రిటైరైన రోజు సంగతి చెప్పకపోతే ఇదంతా ఓనర్లను తిట్టడానికి రాసినట్టు అవుతుంది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లు గడిచాక నా పదవీ విరమణ వచ్చింది. ఫ్యాక్టరీ ముందు షామియానా వేశారు. నాకు శాలువా కప్పారు. ఓనరు గారు మైకు పట్టుకుని, కార్మికుల క్షేమం కోసం తమ ఫ్యాక్టరీ మొదటి నుంచీ తీసుకున్న శ్రద్ధ గురించి చెప్పడం మొదలుపెట్టారు. వినలేక, ఒకసారి హాలు చూసొస్తానని లేచాను. నైరుతి మూలకు వెళ్లేసరికి కిటికీ కనబడలేదు. ట్యాంకులో కలిపే ఉప్పు బస్తాలు దానికి అడ్డంగా, నా తల ఎత్తున పేర్చి ఉన్నాయి.

ఈసారి సిద్ధాంతి లేడు, ఓనరు గారికి సంగతే తెలియదు. పేర్చింది మా కొత్త పనివాళ్లు.

"ఎవరయ్యా పెట్టింది?" అని అరిచాను.

"మేమేనండీ. లోపల చోటు లేదండి," అన్నాడు ఒకడు, తాపీగా. "అయినా ఎప్పుడూ ఏం అవలేదు కదండీ."

ఎప్పుడూ ఏం అవలేదు. వాడలా అంటున్నప్పుడు వాడి వెనకాలే, అదే గోడకి ఆనుకుని, ఫ్యాక్టరీ వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. ఒంటికన్నుతో. చూపు తగ్గాక అతనికి ఓనరు గారు ఇచ్చిన ఉద్యోగం అది. రోజూ వాళ్ల కళ్లెదుటే తిరుగుతున్న మనిషి. ఒక్కడూ అతన్ని ఆ కన్ను సంగతి అడిగిన పాపాన పోలేదు. ఓనరు ఇటుకలు పెట్టి మూశాడు, వీళ్లు ఉప్పు పెట్టి మూశారు. ఓనరు గారైనా ఎవరినో అడిగి మూశారు.

తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఒంటికన్ను మనిషి అప్పటికే వంగి ఒక బస్తా చెవి పట్టుకున్నాడు. రెండో చెవి నేను పట్టుకున్నాను. ఇద్దరం లాగాం. తర్వాత ఇంకోటి. బయట మైకులో నా పేరు పిలుస్తున్నారు, ఫొటో తీయాలి రమ్మంటున్నారు. మళ్లీ పిలిచారు. శాలువా జారి ఉప్పునీళ్లలో పడితే తీసి భుజాన వేసుకుని ఇంకో బస్తా పట్టుకున్నాను. చాలాసేపటికి ఆ కుర్రాళ్లకి కూడా నిలబడి చూడడం ఇబ్బందిగా అనిపించి చేతులు వేశారు.

ఆ సన్మానం ఫొటో ఫ్యాక్టరీ ఆఫీసులో ఇప్పటికీ ఉంది, మాస్కు ఉన్న బీరువా పైన. ఓనరు గారున్నారు, దండలున్నాయి, మధ్యలో ఖాళీ కుర్చీ ఉంది. నేను లేను. ఆఖరి బస్తా తీశాక తలుపు తోసి చూశాను. తుప్పుపట్టి కీచుమంది గానీ తెరుచుకుంది. మేమిద్దరం కాలెత్తి గట్టు దాటి, ఆ నైరుతి కిటికీలోంచే బయటికి నడిచాం.